ఆకలిని ఆపే కబురు

ఒక పాఠకురాలు ఇలా రాశారు: "మా నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. కీమోథెరపీ నడుస్తోంది. గుత్తివంకాయ కూరంటే ప్రాణం పెట్టే మనిషి ఇప్పుడు రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేస్తున్నారు. బతిమాలితే కోప్పడుతున్నారు. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఇది మొండితనమా, నిరాశా? ఆకలి పుట్టడానికి ఏ టానిక్ ఇవ్వాలి?"

మొండితనం కానే కాదు. ఆయన మెదడే ఆయన్ని తిననివ్వడం లేదు. ఓదార్పు కోసం అంటున్న మాట కాదిది. ఆకలి చచ్చిపోవడమంటే శరీరంలో ఏదో చల్లారిపోవడమని మనం అనుకుంటాం. నిజానికి అది మెదడు పూనుకుని చేసే పని. ఆ పనికి ప్రత్యేకంగా నాడీకణాలున్నాయి, వాటికి కబురు మోసే ప్రొటీన్లున్నాయి. ఆకలిని నడిపే హార్మోన్లు లెప్టిన్, గ్రెలిన్ గురించి పత్రికల్లో కావలసినంత వచ్చింది కనుక వాటి జోలికి పెద్దగా పోను. నన్ను ఏళ్లుగా పట్టి లాగుతున్న ప్రొటీన్ వేరే ఉంది.

దాని దగ్గరకు వెళ్లే ముందు జ్వరం సంగతి. జ్వరం వచ్చిన పూట అన్నం సయించదు, పోపు వాసనకే కడుపులో తిప్పుతుంది. సూక్ష్మజీవులతో పోరాడే రక్షకకణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్ వంటి పదార్థాలు మెదడుకు చేరి ఆకలిని అణిచివేస్తాయి. ఎందుకు? 1979లో ముర్రే, ముర్రే అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకలకు లిస్టీరియా బాక్టీరియా ఎక్కించారు. కొన్నింటిని వాటి ఇష్టానికి వదిలేశారు. కొన్నింటికి గొట్టం ద్వారా బలవంతంగా ఆహారం పంపారు. ఇష్టానికి వదిలిన వాటిలో సగానికి పైగా బతికాయి. బలవంతంగా తినిపించినవి దాదాపు అన్నీ చచ్చిపోయాయి. "లంఖణం పరమౌషధం" అన్న పెద్దల మాటకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదనిపిస్తుంది.

తొందరపడకూడదు. 2016లో యేల్ విశ్వవిద్యాలయంలో రస్లాన్ మెజిటోవ్ బృందం ఇదే ప్రశ్నను మళ్లీ ఎత్తుకుంది. బాక్టీరియా సోకిన ఎలుకలకు గ్లూకోజ్ ప్రాణాంతకమైంది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ సోకిన ఎలుకలకు అదే గ్లూకోజ్ ప్రాణం నిలిపింది. బాక్టీరియా మంట రగిలించినప్పుడు, పస్తులో కాలేయం తయారుచేసే కీటోన్లు మెదడు కణాలను కాపాడతాయి. వైరస్ మంటలో మాత్రం గ్లూకోజ్ అందకపోతే కణాల్లో ప్రొటీన్లను మడతపెట్టే వ్యవస్థ ఒత్తిడి తట్టుకోలేక కూలుతుంది. అంటే లంఖణం అన్ని జ్వరాలకూ ఒకే మందు కాదు. పైగా ఇవి ఎలుకల్లో, కొద్ది రోజుల లెక్కలో తేలిన ఫలితాలు. టైఫాయిడ్ రోగిని వారాల తరబడి గంజినీళ్ల మీద ఉంచి ఎముకల గూడు చేసిన రోజులు మన ఇళ్లలో ఉన్నాయి. 19వ శతాబ్దంలోనే డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ ఈ పద్ధతిని ఎదిరించి, జ్వరరోగులకు ఆహారం పెట్టాలని విద్యార్థులకు నూరిపోశాడు. ఆ పాఠం మన పల్లెలకు చేరడానికి చాలా కాలం పట్టింది.

ఇక అసలు ప్రొటీన్. పేరు జీడీఎఫ్-15. 1997లో సిడ్నీలో శామ్యూల్ బ్రైట్ బృందం దీన్ని తొలిసారి వర్ణించింది. శరీరంలో ఏ కణం ఇబ్బందిలో పడినా, అంటే విషం తగిలినా, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతిన్నా, ప్రొటీన్ల మడతలు తప్పినా, ఈ ప్రొటీన్‌ను రక్తంలోకి వదలగలదు. 2007లో అదే బృందం ఇంకో సంగతి చూపించింది. దీన్ని ఎక్కువగా తయారుచేసే కణితి ఉన్న ఎలుకలు తిండి మానేసి చిక్కిపోయాయి. ప్రొటీన్‌ను పట్టి బంధించే యాంటీబాడీ ఇస్తే మళ్లీ తిన్నాయి. అయితే ఈ కబురు వినే చెవి ఎక్కడుందో మరో పదేళ్లకు గాని తెలియలేదు. 2017లో నాలుగు బృందాలు విడివిడిగా వెతికి ఒకే గ్రాహకాన్ని పట్టుకున్నాయి. దాని పేరు జీఫ్రాల్. మెదడు కాండంలో అడుగున, ఏరియా పోస్ట్రీమా అనే చిన్న చోటా, దాన్ని ఆనుకున్న భాగమూ తప్ప ఇంకెక్కడా అది చెప్పుకోదగ్గంతగా లేదు.

గోల్కొండ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీది బాలాహిసార్‌లో వినిపిస్తుంది. జీడీఎఫ్-15 అలాంటి చప్పుడే. రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది, వినిపించేది మాత్రం ఒక్క చోట. కోటకు గోడ ఉన్నట్టే మెదడుకూ రక్షణగోడ ఉంది. రక్తంలో తిరిగే పెద్ద అణువులను అది లోపలికి రానివ్వదు. ఏరియా పోస్ట్రీమా దగ్గర ఆ గోడ లేదు. రక్తంలో ఏముందో విని చెప్పడమే ఆ చోటు పని. కాకపోతే గోల్కొండలో చప్పట్లు కొట్టే చోటు ఒకటే. ఇక్కడ మూత్రపిండం కొట్టవచ్చు, కాలేయం కొట్టవచ్చు, గర్భంలోని మావి కొట్టవచ్చు, కణితి కొట్టవచ్చు, సిస్‌ప్లాటిన్ వంటి కీమో మందు తగిలిన కణాలు కొట్టవచ్చు. పైన ఉన్న కావలివాడికి ఎవరు కొట్టారో తెలియదు. ఏదో విషం లోపలికి వచ్చిందన్నదే అతనికి తెలిసిన అర్థం. కాబట్టి ఎప్పుడూ ఒకే ఆజ్ఞ జారీ చేస్తాడు: తినడం ఆపు, కడుపులో తిప్పు, ఇప్పుడు తిన్నదాని రుచినీ వాసననూ గుర్తుపెట్టుకుని ఇకపై దగ్గరకు రానివ్వకు.

ఆ చివరి మాటలో గుత్తివంకాయ కథ ఉండవచ్చు. 1978లో ఐలీన్ బర్న్‌స్టీన్ అనే పరిశోధకురాలు, కీమో తీసుకోబోతున్న పిల్లలకు ముందుగా ఒక కొత్త రుచి ఐస్‌క్రీం పెట్టించారు. ఆ తరువాత చాలామంది పిల్లలు ఆ ఐస్‌క్రీంను వద్దన్నారు. వికారానికి కారణం మందని తెలిసినా సరే, మెదడు తిండినే దోషిగా పట్టుకుంటుంది. అందుకే కీమో ఎక్కించే రోజున, ఆ ముందూ వెనకా, రోగికి ప్రాణమైన వంటకాన్ని పెట్టవద్దు. ప్రేమతో చేసే పనే ఆ వంటకాన్ని శాశ్వతంగా దూరం చేయవచ్చు.

చప్పుడు రోజూ వినిపిస్తుంటే కావలివాడికి అలవాటైపోతుందా? అవుతుంది. ఈ జవాబు వేవిళ్ల దగ్గర దొరికింది. గర్భంలో శిశువు వైపు నుంచి జీడీఎఫ్-15 తల్లి రక్తంలోకి పెద్ద ఎత్తున వస్తుంది. 2023 డిసెంబరులో మార్లీనా ఫెజో, స్టీఫెన్ ఒరాహిలీ తదితరుల పరిశోధన చూపించినదేమిటంటే, గర్భానికి ముందు ఈ ప్రొటీన్ తక్కువగా ఉండే స్త్రీలకు తీవ్రమైన వేవిళ్ల ముప్పు ఎక్కువ. బీటా థలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి వల్ల జీవితమంతా ఈ ప్రొటీన్ ఎక్కువ మోతాదుకు అలవాటుపడిన స్త్రీలకు వేవిళ్లు చాలా తక్కువ. వేవిళ్లను బట్టి పుట్టబోయేది ఆడపిల్లో మగపిల్లాడో చెప్పే పెద్దలూ, "మేమంతా కనలేదా" అని కోడలి బాధను తీసిపారేసే అత్తగార్లూ ఈ సంగతి తెలుసుకోవాలి. ఏమీ తినలేక, నీళ్లు కూడా నిలవక ఆసుపత్రిలో చేరే గర్భిణులు నాటకమాడటం లేదు.

కావలివాడి ఆజ్ఞ అక్కడి నుంచి మెదడు కాండంలోనే ఉన్న పారాబ్రాకియల్ కేంద్రకానికి వెళుతుంది. అక్కడి సీజీఆర్‌పీ అనే నాడీకణాలు మోగితే, మెదడులో భయం వంటి భావాలతో ముడిపడిన అమిగ్డలా మీదుగా, తినాలన్న కోరిక ఆగిపోతుంది. వాటి నోరు నొక్కి పట్టేవి, మెదడులో ఆకలిని నడిపే హైపోథాలమస్‌లోని ఏజీఆర్‌పీ కణాలు. ఇవి గాబా అనే రసాయనంతో పారాబ్రాకియల్ కేంద్రకాన్ని శాంతపరుస్తుంటాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ పామిటర్ బృందం ఎదిగిన ఎలుకల్లో ఈ ఏజీఆర్‌పీ కణాలను చంపేసింది. కొద్ది రోజుల్లోనే ఎలుకలు తిండి మానేశాయి. ఎదురుగా కావలసినంత ఆహారం ఉండగా ఆకలితో చచ్చే స్థితికి వచ్చాయి. గాబా లోటును తీర్చే మందును నేరుగా పారాబ్రాకియల్ కేంద్రకంలోకి కొన్ని రోజులు పంపితే మళ్లీ తిన్నాయి, మందు ఆపాక కూడా తింటూనే ఉన్నాయి. తినడానికి "మనసుంటే చాలు" అనేవాళ్లకు నేను చూపించే ప్రయోగం ఇది.

అనొరెక్సియా నెర్వోసా అనే జబ్బు వీటన్నిటికీ వేరు. 1873లో లండన్ వైద్యుడు విలియం గల్ ప్రచారంలోకి తెచ్చిన పేరది. ఆ రోగుల్లో ఆకలి పుట్టించే గ్రెలిన్ తగ్గదు, మామూలుకన్నా ఎక్కువే ఉంటుంది. ఆకలి కేక వేస్తున్నా, బరువు పెరుగుతుందన్న భయం వాళ్లను తిననివ్వదు. మానసిక వ్యాధుల్లో అత్యధిక మరణాలకు దారితీసే వాటిలో ఇదొకటి. దీని గురించి విడిగా, తీరిగ్గా రాయాలి.

బిడ్డ అన్నం ముట్టకపోతే మనవాళ్లు మొదట చేసేది దిష్టి తీయడం. ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేసినందువల్ల బిడ్డకు హాని లేకపోవచ్చు. హాని జరిగేది "దిష్టి పోయింది కదా, చూద్దాం" అని ఎదురుచూసే వారాల్లో. మన దేశంలో ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు కలిస్తే ముందు క్షయ పరీక్ష చేయించాలి. పెద్దవాళ్లు ప్రయత్నం లేకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపు బరువులో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57కు దిగితే, డాక్టరును కలవాలి. ఇంట్లో బరువు తూచే యంత్రం ఉంచుకోండి. కంటిచూపు ఇందులో మోసం చేస్తుంది.

చివరిగా ఆ పాఠకురాలు అడిగిన టానిక్. ఆకలి టానిక్కుల్లో తరచుగా ఉండేది సైప్రోహెప్టడీన్ అనే పాత అలర్జీ మందు. క్యాన్సర్ రోగుల్లో పరీక్షించినప్పుడు అది బరువు తగ్గడాన్ని ఆపలేకపోయింది. దానికన్నా మంచి కబురు మన పక్కనే ఉన్న పుదుచ్చేరి జిప్‌మర్ నుంచి వచ్చింది. జీర్ణకోశ, కాలేయ, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు కీమో తీసుకుంటున్న 124 మందికి 12 వారాలపాటు రోజుకు 2.5 మిల్లీగ్రాముల ఓలాంజపిన్ గాని, ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చారు. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఓలాంజపిన్ తీసుకున్నవాళ్లలో 60 శాతం మంది 5 శాతానికి మించి బరువు పెరిగారు. ఉత్తుత్తి మాత్రతో అలా పెరిగినవాళ్లు 9 శాతమే. ఇది మానసిక రుగ్మతలకు ఎప్పటి నుంచో వాడుతున్న చవకైన మందు. జీడీఎఫ్-15నే పట్టి బంధించే పాన్‌సెగ్రొమాబ్ అనే యాంటీబాడీని కూడా 187 మంది రోగుల్లో పరీక్షించారు. 2024లో వెలువడిన ఫలితాల్లో, ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లు 12 వారాలకు, మందు లేనివాళ్లకన్నా సగటున 2.8 కిలోలు ఎక్కువ బరువున్నారు. ఇంకా పెద్ద పరీక్షలు కావాలి.

కాబట్టి మీ నాన్నగారి క్యాన్సర్ డాక్టరును ఓలాంజపిన్ గురించి అడగండి. మగతా, చక్కెర పెరగడమూ దాని దుష్ఫలితాలు కనుక సొంతంగా కొనకండి. మలబద్ధకం, నోటిపూత, నొప్పి కూడా ఆకలిని చంపుతాయి, వాటికి వేరే మందులున్నాయి, అవి ఉన్నాయేమో చూడమనండి. కంచం నిండా పెట్టకుండా, రెండు గంటలకోసారి చిన్న గిన్నెలో చల్లారిన పెరుగన్నమో, గుడ్డో, వేరుశనగ ఉండో ఇవ్వండి. చల్లారితే వాసన తక్కువగా వస్తుంది. రెండు ముద్దలకే చాలంటే అక్కడితో వదిలేయండి. అమ్మగారికి మాత్రం ఈ సంగతంతా కూర్చోబెట్టి చెప్పండి. ఆయన వద్దంటున్నది ఆమె వంటను కాదు.