ఇంట్లో మంచాన ఉన్న మనిషిని చూసుకునేవాళ్ళకు డబ్బు సాయం: అపోహలు - వాస్తవాలు

నేను కోనసీమలో ఓ గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని. మొన్న ఒకటో తారీఖున పొద్దున్నే పెన్షన్ ఇవ్వడానికి ఓ ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటాయన కొబ్బరి దింపు పనికి వెళ్ళేవాడు. చెట్టు మీంచి పడితే మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిని కాళ్ళూ చేతులూ చచ్చుబడ్డాయి. ముడుచుకుపోయిన ఆయన వేళ్ళను భార్య ఒక్కొక్కటే విప్పి, తడిగుడ్డతో తుడిచి మిషన్ మీద పెట్టింది. మూడుసార్లు పెట్టినా వేలిముద్ర పడలేదు. చివరికి ముఖం ఫోటోతో అయింది.

డబ్బు లెక్కపెట్టి ఇస్తూ "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగాను.

"ఏముందండీ, ఖాళీయే. ఇంటికాడే ఉంటాను" అంది.

రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకు తిప్పకపోతే వీపు పుండు పడుతుంది. రాత్రయినా అంతే. ఒకప్పుడు నాట్లకూ కోతలకూ వెళ్ళి కూలి తెచ్చుకున్న మనిషి ఇప్పుడు తనను తాను ఖాళీ అంటోంది. ఇలాంటి ఇళ్ళలో నేను తరచూ వినే మాటల గురించే ఇది రాస్తున్నాను.

అపోహ: "పదిహేను వేలు వస్తున్నాయిగా, అవి చూసుకునేవాళ్ళకే."

కాదు. మన రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్ పథకం ఎన్టీఆర్ భరోసా కింద నెలకు ఇచ్చే ఆ 15,000 మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన మనిషి పెన్షన్. మందులు, డైపర్లు, ఆసుపత్రికి వెళ్ళిరావడానికి బండి కిరాయి, అన్నీ అందులోంచే. చూసుకునే మనిషి పేరిట మన రాష్ట్రంలో వేరే పెన్షన్ లేదు. అలాగని ఇది ఎవరికీ తట్టని ఆలోచనా కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సహాయం అవసరమైన వికలాంగుల కోసం సంరక్షకుల భత్యం ప్రస్తావన ఉంది. కాకపోతే ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి అని రాశారు. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద ఇలాంటి సంరక్షకులకు నెలకు 600 ఇవ్వాలని పెట్టారు. 600 చాలా తక్కువే. అయినా నేను దాన్ని చిన్నచూపు చూడను, ఆ మనిషి చేసేది పనేనని ఓ ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది.

అపోహ: "మంచం పడితే చాలు, పెన్షన్ దానంతటదే మారుతుంది."

మారదు. డాక్టర్ల ధ్రువీకరణ కావాలి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైతే 15,000, డయాలసిస్ వాళ్ళకు 10,000. 2025లో చాలామందికి మళ్ళీ వైద్య పరీక్షలు జరిగాయి. అందుకే డిశ్చార్జ్ కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు, సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఒకే సంచిలో పెట్టుకోండి.

నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. మతిమరుపు జబ్బుతో ఇల్లంతా తిరిగే పెద్దావిడ ఈ 15,000 కిందికి రాదు, చాలాసార్లు వృద్ధాప్య పెన్షన్ 4,000తోనే సరి. కాలవ గట్టున ఇల్లయితే ఆవిడను ఒక్క నిమిషం వదలగలరా? మంచంలో ఉన్న మనిషికన్నా ఇలా తిరిగే మనిషిని కనిపెట్టుకుని ఉండటమే కొన్నిసార్లు ఎక్కువ కష్టం.

అపోహ: "గల్ఫ్ నుంచి డబ్బు పంపేవాళ్ళే పోషిస్తున్నారు. ఇక్కడున్నవాళ్ళు తిని కూర్చుంటున్నారు."

ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. మన ఊళ్ళ ఆడవాళ్ళు కువైట్ వెళ్ళి అక్కడి ముసలివాళ్ళకు స్నానం చేయిస్తే దానికి జీతం ఉంది. ఇక్కడ వదిన అదే పని అత్తగారికి చేస్తే లెక్కలోకే రాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒకసారి కూర్చుని లెక్క వేయండి. మందులకెంత అన్నదే కాదు, చూసుకునే మనిషి మానుకున్న కూలి ఎంత అన్నది కూడా రాయండి.

మాటలతో తేలకపోతే 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. తమ సంపాదనతో బతకలేని తల్లో తండ్రో ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తాము వెళ్ళలేకపోతే ఇంకొకరికి ఆ అధికారం ఇవ్వచ్చు. లాయర్ అక్కర్లేదు. కొడుకులతో పాటు కూతుళ్ళకూ బాధ్యత ఉంది. నెలకు 10,000 వరకు భరణం వేయొచ్చు. ఆ డబ్బు పెద్దవాళ్ళకే వస్తుంది. అయినా భారమంతా ఒక్కరి నెత్తిన ఉండదు. "కేసు పెడితే పరువు పోతుంది" అంటారు. ఒక్క కోడలు నలిగిపోతుంటే నిలబడే పరువేమిటో నాకు అర్థం కాదు.

అపోహ: "బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ఇన్సూరెన్స్ ఎవరూ ఇవ్వరు."

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకు ఏడాదికి లక్ష వరకు వర్తిస్తుంది. ముందస్తు వైద్య పరీక్షలు లేవు. థెరపీ ఖర్చులు కూడా అందులో ఉన్నాయి.

అపోహ: "ఇన్‌కం ట్యాక్స్ తగ్గింపు వికలాంగుడు సంపాదిస్తేనే."

ఆధారపడిన వికలాంగుణ్ణి పోషించేవాళ్ళకూ ఉంది. పాత పన్ను విధానంలో ఆదాయంలోంచి 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు. జీతం తీసుకునే పిల్లలున్న ఇళ్ళలో అడిగి చూడండి.

అపోహ: "నాకెందుకండీ, ఆయనకు వస్తే చాలు."

నేను ఎక్కువగా వాదించేది ఈ మాటతోనే. ఆయన పోయిన రోజున ఆ 15,000 ఆగిపోతుంది. ఆ తర్వాత ఆవిడకు వచ్చేది వితంతు పెన్షన్ 4,000. అప్పటికి నడుము నొప్పి మిగులుతుంది, చేతిలో పని ఉండదు. కాబట్టి చూసుకునే మనిషి పేరిట ఏదో ఒకటి ఇప్పుడే మొదలుపెట్టాలి. ప్రధానమంత్రి సురక్షా బీమాలో ఏడాదికి 20 రూపాయలు కడితే 2 లక్షల ప్రమాద బీమా. జీవన్ జ్యోతి బీమాలో ఏడాదికి 436 కడితే 2 లక్షల జీవిత బీమా, దానికి 50 ఏళ్ళ లోపు చేరాలి. అటల్ పెన్షన్‌లో 60 దాటాక నెలకు 1,000 నుంచి 5,000 వరకు వస్తుంది. 18 నుంచి 40 ఏళ్ళ మధ్య వాళ్ళకే.

దింపు కార్మికుడి భార్య వయసు అడిగాను. 38 అంది. వచ్చే ఒకటో తారీఖుకు ఆయన కాగితాలతో పాటు తన బ్యాంకు పాస్‌బుక్ కూడా తీసి ఉంచమని చెప్పి వచ్చాను.