లెక్కకు అందిన జ్వరం

మడగాస్కర్‌కు తూర్పున, హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే ఫ్రెంచి దీవి ఉంది. 2005లో అక్కడికి చికున్‌గున్యా చేరింది. చలికాలంలో కేసులు బాగా తగ్గినా, వానలు మొదలవగానే మళ్లీ లేచింది. 2006 ఫిబ్రవరిలో ఒక్క వారంలోనే 40 వేల మందికి పైగా మంచం పట్టారు. అప్పటికి దీవి జనాభా ఎనిమిది లక్షలకు లోపే!

ఈ వైరస్‌ను ఎక్కువగా మోసేది ఈడిస్ ఈజిప్టై దోమ. ఆ దీవిలో అది అరుదు. అక్కడ ఎటు చూసినా దాని చుట్టం, ఒంటిమీద తెల్లచారలున్న పులిదోమే. పాత వైరస్‌కు ఈ దోమ అంతగా పడదు. అయితే వైరస్ పైపొరలోని ఇ1 అనే ప్రొటీన్‌లో 226వ స్థానంలో అలనీన్ పోయి వాలీన్ వచ్చింది. మారింది ఒక్క అమైనో ఆమ్లమే. దాంతో పులిదోమ కడుపులో వైరస్‌కు చోటు దొరికింది. 2005 మొదట్లో తీసిన నమూనాల్లో ఈ మార్పు లేదు. సెప్టెంబరు తర్వాతివాటిలో నూటికి తొంభైకి పైగా అదే కనిపించింది.

మన దేశంలో 2006 నాటి విజృంభణకు ఆ మార్పు అవసరమే పడలేదు. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలై, మరుసటి ఏడాదికి దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులయ్యాయి. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లలో తొట్టెలు, గోలేలు నింపి పెట్టుకుంటాం కదా, ఈజిప్టైకి అంతకంటే ఏం కావాలి? మార్పు చెందిన వైరస్ 2007లో కేరళలో బయటపడింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మరణాల సంగతి. రీయూనియన్‌లో 200కు పైగా మరణ ధ్రువపత్రాల్లో చికున్‌గున్యా పేరు నమోదైంది. మన ప్రభుత్వ లెక్కలో 2006 మరణాలు సున్నా. కానీ అహ్మదాబాద్‌లో ఆ ఏడు ఆగస్టు నుంచి నవంబరు దాకా నమోదైన మరణాలను పరిశోధకులు అంతకుముందు నాలుగేళ్ల సగటుతో పోల్చారు. 2,944 ఎక్కువ తేలాయి. అన్నీ ఈ జ్వరం వల్లేనని అనలేం, సున్నా అని నమ్మడం అంతకన్నా కష్టం.

దీవికి ఒడ్డే సరిహద్దు. ఎవరు అక్కడివారో తెలుసు, చిట్టా కూడా ఒక్కటే. ఒడిశా అంచున ఉన్న మా గజపతి జిల్లాలో అలా కుదరదు. పర్లాకిమిడిలో జ్వరం తగిలినవాడు పాతపట్నం మీదుగా శ్రీకాకుళమో, విశాఖో పోతాడు. ఇల్లు ఒడిశాలో, రక్తపరీక్ష ఆంధ్రలో. అతన్ని ఏ రాష్ట్రం ఖాతాలో రాస్తారు? ఒక్కోసారి రెండింటిలోనూ రాయరేమో.

దీనికి దారి రక్తమే చూపిస్తుంది. జ్వరం వచ్చిన వారం రోజులకల్లా ఐజీఎం అనే ప్రతిరక్షకాలు (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునేవి) కనిపిస్తాయి. తర్వాత వచ్చే ఐజీజీ అనే రకం ఏళ్ల తరబడి నిలుస్తుంది. రీయూనియన్‌లో ఇలాగే రక్తం తీసి చూస్తే 38 శాతం మందికి సోకినట్టు తేలింది. 2017-18లో మన దేశంలో జరిగిన సర్వేలో మొత్తమ్మీద 18 శాతం, దక్షిణాదిన 43 శాతం వచ్చింది. ఇంత పెద్ద సగటులో సరిహద్దు ఊళ్లు కనబడవు. మహేంద్రతనయ నదికి రెండు ఒడ్డుల్లోనూ ఇంటింటికీ వెళ్లి ఒకే పద్ధతిలో పరీక్షించాలి. వయసుల వారీగా విడదీస్తే ఇంకొక సంగతి బయటపడుతుంది: 2007 తర్వాత పుట్టిన పిల్లల్లో ఐజీజీ ఉంటే, పెద్ద జ్వరం వెళ్లిపోయాక కూడా వైరస్ ఇక్కడ తిరుగుతూనే ఉందన్నమాట.