సంతకం అవసరం లేనంత వరకే

1980లో హైదరాబాద్ శివార్లలోని రామచంద్రాపురంలో ఉన్న ప్రభుత్వ రంగ సంస్థ బీహెచ్ఈఎల్‌లో ఒక కొత్త అలవాటు మొదలైంది. ఒకే షాపులో, అంటే ఫ్యాక్టరీలోని ఒకే విభాగంలో, పనిచేసే కొద్దిమంది కార్మికులు అప్పుడప్పుడు కూర్చుని, తమ పనిలోని చిక్కుల్ని తామే పట్టుకుని, తామే విరుగుడు వెతకడం. దాని పేరు క్వాలిటీ సర్కిల్. 1962లో జపాన్‌లో కవోరు ఇషికావా చొరవతో పుట్టిన ఈ పద్ధతిని ఇక్కడికి తెచ్చింది ఆ ప్లాంటు ఉన్నతాధికారి ఎస్.ఆర్. ఉడ్పా. రెండేళ్లకే సికింద్రాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కూడా ఏర్పడింది. అంటే దేశంలో ఈ దారి తొక్కింది ముందుగా ప్రభుత్వ రంగమే. మరి కార్మికుల ఆలోచనల బండి ఎక్కడ ఆగుతోంది?

ఒక వెల్డరు సంగతి ఊహించుకుందాం. పనిముట్ల ర్యాకును నాలుగడుగులు ఇటు జరిపితే రోజంతా తిరిగే తిరుగుడు తగ్గుతుందని అతనికి తోచింది. సూపర్‌వైజరు "కానీయ్" అన్నాడు. సాయంత్రానికి ర్యాకు జరిగింది. తర్వాత అతనే, "వెల్డింగ్ కడ్డీలు, అదే ఎలక్ట్రోడ్లు, చెమ్మ పట్టి వస్తున్నాయి, వెల్డింగులో బుడగలు పడుతున్నాయి, ప్యాకింగ్ మార్చాలి" అన్నాడు. ఇక మొదలు. స్టోర్స్, పర్చేజ్, ఫైనాన్స్. ప్యాకింగ్ మారిస్తే టెండరు షరతులు మారతాయి. మారిస్తే, ఏదో ఒక కంపెనీ కోసమే మార్చారంటారు. ఫైలు మీద మొదటి ప్రశ్న: "ఇంతకుముందు ఎక్కడైనా ఇలా చేశారా?" చేసి ఉంటే అది కొత్త ఆలోచన ఎలా అవుతుందని ఎవరూ అడగరు.

ఇది బద్ధకం అని తేల్చేస్తే తప్పే. కాగ్ ఆడిట్, 1964 నుంచి కేంద్ర విజిలెన్స్ కమిషన్, ఇవన్నీ ప్రజల సొమ్ముకు కాపలాగా వచ్చినవి, అవసరమైనవీ. కానీ 1988 అవినీతి నిరోధక చట్టంలో 2018 దాకా ఒక నిబంధన ఉండేది: ప్రజాప్రయోజనం లేకుండా ఎవరికైనా ఆర్థిక లాభం కలిగిస్తే, అధికారి లంచం తిన్నట్టు రుజువు కాకపోయినా అది నేరమే. సంతకం పెట్టే చెయ్యి వణకదా? పాత పద్ధతిలో ఏటేటా ఎంత వృథా అయినా దానికి బాధ్యుడు ఎవరంటే పేరు దొరకదు. కొత్త పద్ధతి బెడిసికొడితే మాత్రం కింద సంతకం స్పష్టంగా కనిపిస్తుంది. చేసి చెడగొట్టడం, చేయక చెడగొట్టడం రెండింటి నష్టం ఒకటే అయినా మొదటిదే మనకు పెద్ద తప్పుగా తోస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ సహజ భయానికి ఇక్కడ ఫైలు తోడైంది. కొత్త ఇంజనీరుకు దీన్ని నేర్పడానికి ట్రైనింగ్ అక్కర్లేదు, పక్క సీటుకు ఒక్క విజిలెన్స్ నోటీసు వస్తే చాలు.

1990ల్లో అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించిన పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్‌కు ఒక వింత కనిపించింది. బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, చెప్పుకోవడానికి జంకకపోవడం వల్ల. ఆ లెక్కన ఏ లోపమూ లేదని రిపోర్టు పంపే విభాగాన్నే ముందు అనుమానించాలి.

మన వెల్డరు మళ్లీ నోట్ పెట్టడు. బెంచీ పక్కన ఒక చిన్న ఓవెన్ పెట్టుకుని ఎలక్ట్రోడ్లు తనే ఆరబెట్టుకుంటాడు. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. పక్క షాపుకు మాత్రం అవే చెమ్మ ఎలక్ట్రోడ్లు వెళ్తుంటాయి.