చైనా పిల్లలు హైస్కూలుకే దేశం దాటి ఎందుకు వస్తారు? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక చిన్న ఊరి ప్రైవేటు హైస్కూల్లో విదేశీ విద్యార్థుల బాగోగులు చూసే కౌన్సెలర్‌ని నేను. పదకొండేళ్ళుగా ఇదే పని. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చైనా పిల్లలు, పద్నాలుగు పదిహేనేళ్ళవాళ్ళు. చేరిన రోజే ఒక్కొక్కరి చేతా ఒక కాగితం మీద "ఎందుకు వచ్చావు?" అన్న ప్రశ్నకి జవాబు రాయించి దాస్తాను. పన్నెండో తరగతి అయిపోయే మే నెలలో ఆ కాగితం తిరిగిచ్చి, కింద మళ్ళీ రాయమంటాను. రెండు జవాబులూ ఒకటే కావడం చాలా అరుదు.

ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ పిల్లల గురించి మాట వస్తూనే ఉంటుంది. మన పిల్లలు వీళ్ళ పక్కనే కూర్చుని చదువుకుంటున్నారు మరి. అలా నా చెవిన పడ్డ కొన్ని అభిప్రాయాలు, నాకు తెలిసిన నిజాలు రాస్తున్నాను.

అపోహ: అక్కడి పరీక్షకి భయపడి పారిపోయి వస్తారు.

వాస్తవం: భయం లేదని నేను అనను. ఏటా జూన్ 7న మొదలయ్యే యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష గావోకావోకి 2024లో కోటీ 34 లక్షల మంది పేర్లు ఇచ్చుకున్నారు. చాలా ప్రావిన్సుల్లో మొత్తం 750 మార్కులు, యూనివర్సిటీ సీటుకి దాదాపుగా అవే ఆధారం. హెబెయ్ ప్రావిన్సులోని హెంగ్‌షుయ్ హైస్కూలు దినచర్య చూస్తే మనవాళ్ళకి ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలు గుర్తొస్తాయి. తెల్లవారుజామున ఐదున్నరకి లేచిన పిల్ల రాత్రి పదింటిదాకా పుస్తకం వదలదు.

కానీ నా దగ్గరికి వచ్చే పిల్లల జీవితాల్లో అసలు మలుపు గావోకావో కాదు. దానికి మూడేళ్ళ ముందు, తొమ్మిదో తరగతి చివర రాసే జోంగ్‌కావో. ఆ మార్కులని బట్టే ఎవరు మామూలు హైస్కూలుకి వెళ్తారో, ఎవరు వృత్తివిద్యా స్కూలుకి వెళ్తారో తేలిపోతుంది. ఏళ్ళ తరబడి ప్రభుత్వం పెట్టుకున్న లెక్క దాదాపు చెరిసగం. పదిహేనేళ్ళకే దారులు విడిపోతాయన్నమాట. అందుకే బయటికి పంపాలా వద్దా అన్న చర్చ ఇంట్లో ఏడో తరగతికో ఎనిమిదో తరగతికో మొదలవుతుంది.

దీనికి హుకౌ తోడు. అది పుట్టిన ఇంటిని బట్టి వచ్చే నివాస నమోదు. బతుకుతెరువు కోసం అమ్మానాన్నలు షాంఘైకో బీజింగ్‌కో వచ్చి స్థిరపడినా, హుకౌ ఆన్హుయ్‌లోనే ఉండిపోతే పిల్లల్లో చాలామంది గావోకావో రాయడానికి ఆ ప్రావిన్సుకే వెళ్ళాలి. తన పెంపకమంతా ఒక ఊళ్ళో, పరీక్ష మాత్రం ఎప్పుడో సెలవులకి చూసిన ఇంకో ఊళ్ళో. ఇలాంటి ఇళ్ళకి పైదేశం ఒక్కోసారి సొంత రాజధానికంటే తేలికైన దారి అవుతుంది. ఇది బయటివాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు.

ఇంకో సంగతి. పైదేశం చదువుకి అడిగే ఇంగ్లీషు పరీక్ష టోఫెల్ వైపు తిరిగిన పిల్ల మళ్ళీ గావోకావో దారి పట్టడం చాలా కష్టం. ఆ చదువు వేరు, ఈ చదువు వేరు. వెనక్కి దారి ఉండదని తెలిసే పద్నాలుగేళ్ళకి బయల్దేరతారు. దాన్ని పారిపోవడం అనడానికి నాకు మనసొప్పదు.

అపోహ: తల్లిదండ్రులు తోస్తే వస్తారు, పిల్లల ఇష్టం ఏమీ ఉండదు.

వాస్తవం: అలాంటివాళ్ళు ఉన్నారు. మొదటి వారంలోనే తెలిసిపోతుంది, వాళ్ళ కోసం నేను ఎక్కువ సమయం అట్టేపెట్టుకుంటాను. కానీ పట్టుబట్టి వచ్చినవాళ్ళే ఎక్కువ.

ఒకమ్మాయి పదమూడేళ్ళప్పుడు వేసవి క్యాంపుకని రెండు వారాలు వచ్చి వెళ్ళింది. ఇంటికి తిరిగి వెళ్ళాక ఆర్నెల్లు అడుగుతూనే ఉందట. అమ్మానాన్న ఒప్పుకున్నారు. పెంచిన అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఇక్కడికి వచ్చిన రోజు సూట్‌కేసు తెరిస్తే బట్టల మధ్య ఒక చిన్న రైస్ కుక్కర్. దాని లోపల తువ్వాలులో చుట్టిన మిరపకాయ పచ్చడి సీసా, మూత చుట్టూ నాలుగు వరసల టేపు. "అమ్మమ్మ పెట్టింది. నాతో మాట్లాడకుండానే పెట్టింది" అంది.

ఆ అమ్మాయి ఆగస్టులో రాసిన జవాబు: "మంచి యూనివర్సిటీ కోసం." నాలుగేళ్ళ తరవాత మేలో దాని కింద రాసింది: "మా క్లాసులో 52 మందిమి. పరీక్ష అయిన ప్రతిసారీ గోడమీద ర్యాంకులు అంటించేవాళ్ళు. నాది ఎప్పుడూ ముప్ఫైకి అటూ ఇటూ. మొదటి పదిమందిని టీచర్లు పట్టించుకునేవాళ్ళు, చివరి పదిమందిని తిట్టేవాళ్ళు. నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. క్యాంపులో ఒకావిడ నువ్వేమనుకుంటున్నావు అని అడిగింది."

అపోహ: వీళ్ళంతా కోటీశ్వరుల పిల్లలు.

వాస్తవం: పేరున్న బోర్డింగ్ స్కూళ్ళలో ఏడాదికి 60 వేల డాలర్లు దాటుతుంది. అక్కడికి వెళ్ళేవాళ్ళు నిజంగానే ఉన్నవాళ్ళు. మాలాంటి డే స్కూల్లో చేరి హోమ్‌స్టేలో, అంటే ఇక్కడి కుటుంబాల ఇళ్ళలో, ఉండేవాళ్ళ సంగతి వేరు. 2015 దాకా సాగిన ఒకే బిడ్డ విధానం వల్ల చాలా ఇళ్ళలో ఒక్క పిల్ల వెనక అమ్మ, నాన్న, ఇద్దరు తాతలు, నానమ్మ, అమ్మమ్మ ఉంటారు. ఆరుగురి పొదుపు ఒక్క చదువులోకి వస్తుంది. రెండో ఫ్లాటు అమ్మి ఫీజు కట్టినవాళ్ళు నాకు తెలుసు. ఫీజు గడువు దగ్గరపడినప్పుడు ఆ పిల్లలు క్యాంటీన్‌లో ఏం కొనుక్కుంటారో గమనిస్తే చాలు, ఇంటి సంగతి తెలిసిపోతుంది.

అపోహ: గవర్నమెంటు స్కూల్లో ఉచితంగా చేరొచ్చుగా!

వాస్తవం: చేరలేరు. విద్యార్థులకి ఇచ్చే ఎఫ్-1 వీసా మీద అమెరికా ప్రభుత్వ హైస్కూల్లో 12 నెలలకి మించి చదవడానికి వీల్లేదు. ఆ ఏడాదికైనా పూర్తి ఖర్చు కట్టాల్సిందే. ప్రైవేటు స్కూళ్ళకి ఈ గడువు లేదు కాబట్టి అక్కడ చేరతారు, వాటిలో క్రైస్తవ స్కూళ్ళు చాలా. కెనడా, ఆస్ట్రేలియాల్లో మాత్రం ఫీజు తీసుకుని ప్రభుత్వ స్కూళ్ళు కూడా చేర్చుకుంటాయి.

అపోహ: ఇక్కడ హైస్కూలు చదివితే పెద్ద యూనివర్సిటీ ఖాయం.

వాస్తవం: కాదు. ఏజెంట్లు ఈ మాట చెప్పి డబ్బు తీసుకుంటారు, నాకు బాగా కోపం వచ్చే విషయం ఇది. ఇంగ్లీషు గట్టిపడుతుంది, క్లాసులో నోరు విప్పడం వస్తుంది. సీటు పోటీ మాత్రం అలాగే ఉంటుంది.

అపోహ: ఇదంతా ఈమధ్య మొదలైన మోజు.

వాస్తవం: సంఖ్య పెరిగింది ఈమధ్యే. 2016లో అమెరికా హైస్కూళ్ళలో ఉన్న విదేశీ విద్యార్థులు సుమారు 82 వేలు, అందులో పదిమందికి నలుగురు చైనావాళ్ళు. కోవిడ్ తరవాత బాగా తగ్గారు. కానీ మొదటి జట్టు వచ్చింది 1872లో. యేల్‌లో చదివిన యుంగ్ వింగ్ చొరవతో అప్పట్లో చైనాని ఏలుతున్న చింగ్ రాజవంశపు ప్రభుత్వం నాలుగేళ్ళలో 120 మంది అబ్బాయిల్ని పంపింది. కనెటికట్, మసాచుసెట్స్ ఊళ్ళలో అక్కడి కుటుంబాల ఇళ్ళలోనే ఉండి చదువుకున్నారు. ఇవాళ మేం హోమ్‌స్టే అంటున్నది అదే. పిల్లలు మరీ అమెరికావాళ్ళలా మారిపోతున్నారన్న బెంగతో 1881లో వెనక్కి పిలిపించారు. వాళ్ళలో ఒకడైన జాన్ తియన్‌యో తరవాత బీజింగ్ నుంచి జాంగ్‌జియాకౌకి రైలుమార్గం కట్టించాడు. 1909లో అది పూర్తయింది.

అపోహ: వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళరు.

వాస్తవం: చైనా విద్యాశాఖ లెక్క ప్రకారం 1978 నుంచి 2019 వరకు విదేశాల్లో చదువు పూర్తిచేసినవాళ్ళలో 86 శాతం వెనక్కి వెళ్ళారు. ఇది అన్ని స్థాయిల చదువులూ కలిపిన లెక్క. నా దగ్గర చదివినవాళ్ళలోనూ వెళ్ళినవాళ్ళే ఎక్కువ. పైన చెప్పిన అమ్మాయి డిగ్రీ అవగానే అమ్మమ్మ దగ్గరికే వెళ్ళింది. వెళ్ళేముందు ఆ రైస్ కుక్కర్ నా గదిలో పెట్టి వెళ్ళింది. ఆగస్టులో తెచ్చుకోని పిల్ల ఎవరైనా ఉంటే ఇస్తాను. ఈ ఏడాది అది ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి దగ్గరుంది.