హంపికి రెండు రోజులు ఎందుకంటే

చిన్నీకి, బుజ్జికి తాతయ్య దీవెనలు.

మొన్న ఫోనులో చిన్ని ఒక మాట అడిగింది. "దసరా సెలవులకు కారులో హంపి పోదామన్నారు కదా. ఫోనులో చూస్తే నెల్లూరు నుంచి తొమ్మిది గంటలే చూపిస్తా ఉంది. నువ్వేమో దారిలో ఒక రాత్రి పడుకోవాలంటావు. ఎందుకు తాతయ్యా, నీకు వయసైపోయిందా?" అని. వయసు సంగతి అట్లా ఉంచు. ప్రశ్న మాత్రం మంచిది. మీ నాన్నకూ అదే అనుమానం ఉంది గానీ నన్నడగడానికి మొహమాటపడి నీ చేత అడిగించినట్టున్నాడు. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నా. ఆయనకూ చదివి వినిపించు.

ఫోను అబద్ధం చెప్పదమ్మా. అది చెప్పేది కారు సంగతి. ఆగకుండా పరిగెత్తే కారుకు ఎంత సేపు పడుతుందో అది లెక్కగడుతుంది. ఆ కారులో అవ్వ మోకాళ్లు ఉన్నాయని, మలుపులొస్తే బుజ్జికి కడుపులో తిప్పుతుందని, మీ నాన్నకు పదకొండింటికి టీ పడకపోతే ఎవరితోనూ మాట్లాడడని దానికెట్లా తెలుస్తుంది? మీరే కాగితం తీసుకుని లెక్క వెయ్యండి. నెల్లూరు నుంచి హంపి 500 కిలోమీటర్లకు కాస్త తక్కువ. తొమ్మిది గంటలే అనుకుందాం. రెండు గంటలకోసారి ఇరవై నిమిషాలు ఆపాలి, మధ్యాహ్నం భోజనానికి గంట కావాలి, పెట్రోలు బంకులో, టోలుగేటులో కొంత పోతుంది. పొద్దున ఆరింటికి బయల్దేరినా పొద్దుగూకినాక గాని చేరం. తెలియని ఊరు, చీకటి, ఆకలి, అలిసిపోయిన డ్రైవరు. ఆ నాలుగూ ఒకచోట కలవకూడదు.

ఎండాకాలంలో అవ్వ ఆవకాయ పెట్టేటప్పుడు మీరు పక్కనే కూర్చుని ముక్కలు తినడం నాకు గుర్తుంది. జాడీలోకి ఎత్తేటప్పుడు గమనించారా? మూతి దాకా ముక్కలు కుక్కదు. పైన జానెడు చోటు వదులుతుంది. ఎందుకంటే మూడో రోజు తిరగకలపాలి, మళ్లీ నూనె పొయ్యాలి. ఆ నూనె ముక్కల మీదికి తేలి నిలబడాలి. చోటు లేకపోతే నూనె పొంగి అరుగంతా పారుతుంది. నూనె తక్కువై ముక్క పైకి తేలిందా, బూజు పడుతుంది. మన ప్రయాణంలో ముక్కలంటే మనం చూడాలనుకునే ఊళ్లు. నూనె అంటే ఊరికే ఉంచుకున్న టైము. మీ నాన్న రాసిన పట్టీ చూశాను. గండికోట, బెలుం గుహలు, తాడిపత్రి, గుత్తి కోట, హంపి, మళ్లీ మూడో రోజు రాత్రికి ఇల్లు! జాడీ మూతి దాకా ముక్కలే. నూనె ఎక్కడ పోస్తాడు?

ఇంకా ఉంది. ఉప్పు అంటే డబ్బు, తక్కువైతే మొత్తం పాడు. కారం అంటే... మీ అవ్వ వెనక నిలబడి చదివి, ఆవకాయకూ హంపికీ ఏం సంబంధమని నవ్వుతోంది. సంబంధం ఉంది. జాడీకి వాసెన గట్టడం దాకా చెప్పగలను గానీ ఆమె నన్ను రాయనివ్వదు. అందుకని మీ నాన్నతో చెప్పండి, బెలుం గుహలు ఈసారికి వద్దు. మొదటి రోజు గండికోట, రెండో రోజు హంపి, మూడో రోజంతా హంపి, నాలుగో రోజు వెనక్కి సగం దూరం, ఐదో రోజు ఇల్లు. ఇంటికి వచ్చాక మరో రోజు ఖాళీ ఉండాలి. మహర్నవమికి మీ నాన్న దుకాణంలో ఆయుధపూజ చెయ్యాలి, కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. పోయేటప్పుడు అందరికీ ఉత్సాహమే. తిరిగి వచ్చేటప్పుడే కళ్లు మూతలు పడతాయి, కాబట్టి తిరుగు దారినే ముందు రాసుకోవాలి.

నాకు మీ వయసప్పుడు వైశాఖంలో పెంచలకోన తిరునాళ్లకు గూడుబండిలో పోయేవాళ్లం. ఎండకు భయపడి రాత్రిళ్లే ప్రయాణం. బండి కింద లాంతరు ఊగుతూ ఉండేది. దాని వెలుగులో ఎద్దుల కాళ్ల నీడలు రోడ్డు పక్క తుమ్మచెట్ల దాకా పాకేవి. నేను గూట్లోంచి తల బయటపెట్టి ఆ నీడలనే చూస్తూ నిద్రపోయేవాణ్ణి. మా నాయన ముందు రోజే ఇరుసుకు కందెన పెట్టేవాడు. ఆముదంలో కాల్చిన గడ్డి బూడిద కలిపి చేసే నల్లటి ముద్ద అది, అంటుకుంటే వారం దాకా వదలదు. చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన చీల ఉంటుంది. దాన్ని చేత్తో లాగి చూస్తే గాని బండెక్కేవాడు కాదు. "ఎప్పుడు చేరతాం నాయనా?" అని నేనడిగితే "ఎద్దుల్ని అడుగు" అనేవాడు. అవి రొప్పితే బండి ఆగాల్సిందే. చెరువు కనబడితే విప్పి నీళ్లు పెట్టాల్సిందే. అమ్మ చద్దిమూట విప్పేది. ఆ పెరుగన్నంలో నంజుకున్న మామిడికాయ ముక్క పులుపు ఇప్పటికీ నా నాలుక మీదుంది. సరే, అది వేరే కథ.

కారు రొప్పదు. నడిపేవాళ్లు అలిసిపోయామని ఒప్పుకోరు. అందుకే గడియారం చూసి ఆపాలి. ఆ పని బుజ్జిది. రెండు గంటలు కాగానే "నాన్నా, ఆపు" అనాలి. ఇంకో పది కిలోమీటర్లు అన్నా వినొద్దు. మీ అమ్మ కూడా బాగా నడుపుతుంది కాబట్టి ఇద్దరూ మార్చుకోవాలి. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు లోపల మాత్రం ఎవరూ నడపకూడదు. ఆ వేళ మనిషికి కన్ను తెరిచే ఉంటుంది, నిద్ర లోపల వచ్చేసి ఉంటుంది. రాత్రే బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుందని మీ బాబాయి అంటాడు. లారీ వెనక లైటు లేకుండా నిలబడి ఉండేది కూడా ఆ ఖాళీ రోడ్డు మీదే.

చీల లాగి చూడటం లాంటి పనులు కారుకూ ఉన్నాయి. రేపు పొద్దున డ్రైవరు వైపు తలుపు తెరిచి చూడండి. సాధారణంగా పక్కన కమ్మీ మీద చిన్న స్టిక్కరు అంటించి ఉంటుంది. ఇద్దరు కూర్చుంటే టైర్లలో గాలి ఎంత, బండి నిండా మనుషులూ సామానూ ఉంటే ఎంత అని అందులో రాసి ఉంటుంది. మనం ఆరుగురం, కాబట్టి రెండో అంకె చూసి నాన్నకు చెప్పండి. గాలి పట్టించేది టైరు చల్లగా ఉన్నప్పుడే, దూరం నడిపాక కాదు. అందరూ నాలుగు టైర్లు చూస్తారు, స్టెప్నీని మరిచిపోతారు. అవసరమైన రోజున అది కూడా చప్పగా ఉంటుంది. జాకీ, స్పానరు ఉన్నాయో లేవో చూస్తే చాలదు. ఇంటి ముందే ఒకసారి చక్రం విప్పి బిగించమనండి.

దసరా నాటికి మన వైపు వానలు మొదలుకావచ్చు కాబట్టి వైపరు రబ్బర్లు కూడా మార్పించాలి. నెల్లూరు జిల్లాకు వాన ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది, మీ పుస్తకంలో ఉండే ఉంటుంది. దారిలో వాగు రోడ్డెక్కి పారుతుంటే ఎంత లోతో చూద్దామని కారు దించకూడదు. మోకాలెత్తు పారే నీళ్లు కారును ఎత్తుకుపోతాయి. ముందు బస్సు పోయింది కదా అంటారు. బస్సు బరువు వేరు, మన బరువు వేరు.

ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం, లైసెన్సు ఫోనులోని డిజిలాకర్‌లో ఉంటే చాలు. ఫాస్టాగ్‌లో డబ్బులుండాలి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033, ఎవరికైనా దెబ్బ తగిలితే 108, ఏ ఆపదకైనా 112. ఈ మూడూ చిన్ని ఒక అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి కారులో అంటించాలి. ఫోను చచ్చిపోయినప్పుడు ఫోనులో రాసుకున్న నంబరు పనికిరాదు. వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలి, అవ్వతో సహా. చీర నలుగుతుందంటే నేను చెప్పుకుంటాలే.

సామాను దగ్గర గొడవ వస్తుంది. మీది ఏడు సీట్ల బండే గానీ, వెనక వరుసలో మనుషులు కూర్చుంటే సంచులకు చోటు ఏమీ మిగలదు. మనిషికొకటి, అదీ మెత్తటి సంచి. గట్టి సూట్‌కేసు వద్దు. ముందు కావలసింది చివర పెట్టాలి. నీళ్లు, తువ్వాళ్లు, బుజ్జికి కవర్లు చేతికందాలి. బుజ్జీ, నువ్వు కారులో ఫోను చూడకుండా దూరంగా కనబడే కొండను చూడు, తిప్పడం తగ్గుతుంది. నిమ్మకాయ వాసన చూస్తే పోతుందని మీ అవ్వ అంటుంది, అదీ చెయ్యి. తినడానికి పులిహోర, పెరుగన్నం, మలై కాజా చాలు. చేపల పులుసు మర్నాటికే రుచి అని మీ నాన్న డబ్బా పట్టుకొస్తాడేమో, కారులో మాత్రం వద్దు. పెట్రోలు లెక్క చిన్నిది. లీటరుకు 15 కిలోమీటర్లు వస్తే పోను రాను 1,000 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు? గుంతకల్లు దాటి కర్ణాటకలోకి పోయాక మనకంటే ధర తక్కువ. అక్కడ ట్యాంకు నింపుకునేట్టు చూసుకోండి.

ఇక దారి. దీని గురించి రాయాలనే కూర్చున్నా, మిగిలిందంతా మధ్యలో వచ్చింది. మనం పోయేది 67వ నంబరు జాతీయ రహదారి. కృష్ణపట్నం ఓడరేవు దగ్గర మొదలై నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, బళ్లారి, హోసపేట మీదుగా హుబ్లీ దాటి పోతుంది. మా ఊరి పక్కన లారీలు పోయే రోడ్డే హంపి గుమ్మం దాకా పోతుందంటే నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. ఇంకో వింత చూడండి. అట్లాసు తెరిచి ఆ రోడ్డు మీద వేలు పెట్టి జరపండి. పక్కన నీలం గీత ఒకటి దోబూచులాడుతూ వస్తుంది. అది మన పెన్న. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు నడిచి మన దగ్గర సముద్రంలో కలుస్తుంది. మనం దానికి ఎదురు పోతున్నామన్నమాట.

నెల్లూరులో మీరు చూసే పెన్న ఇసుక మేటలతో బద్ధకంగా పడుకుని ఉంటుంది. వెలిగొండలను చీల్చుకుని వచ్చేచోట సోమశిల ఆనకట్ట కట్టారు, 78 టీఎంసీల జలాశయం. అదీ మీరు చూసిందే. గండికోటలో మాత్రం అది మీకు తెలిసిన పెన్న కాదు. ఎర్రటి రాతి కొండను నిట్టనిలువునా కోసి కింద ఎక్కడో పారుతుంటుంది. నీళ్లు రాయిని ఎట్లా కోశాయని చిన్ని అడుగుతుంది, నాకు తెలుసు. సైన్సు టీచరు చెబుతారు. నేను చెప్పను. సాయంత్రం ఎండ వాలేటప్పుడు మీ అమ్మ చెయ్యి పట్టుకుని దూరంగా నిలబడి చూడండి. అంచున అన్నిచోట్లా కంచె ఉండదు. మొదటి రాత్రి అక్కడ ఎందుకు పడుకోవాలంటున్నానో అప్పుడు నన్ను అడగరు.

హంపిలో తుంగభద్ర. అది కృష్ణలో కలిసే నది, మన పెన్నకు చుట్టం కాదు. అయినా సుంకేసుల దగ్గర దాని నీళ్లు కొన్ని కె.సి. కాలువలోకి ఎక్కి కర్నూలు, కడప పొలాల వైపు మళ్లుతాయి. అంటే హంపి పక్కనుంచి పారిన నీళ్లు కొన్ని పెన్న సీమకు వస్తాయి. ఎవరు తవ్వారో, ఎన్ని తూములో అడగొద్దు, ముందు ఆ నీళ్ల దారి తలుచుకోండి.

మన దారికి ఉత్తరాన ఉదయగిరి ఉంది కదా. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను చాలా నెలలు ముట్టడించి గజపతుల నుంచి గెలిచాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. మన జిల్లా కొండ మీద నుంచి రాతి కృష్ణయ్య అంత దూరం ప్రయాణం చేశాడు! ఆయనకు ఎన్ని మజిలీలు పట్టిందో ఊహించండి. హంపిలో కృష్ణాలయానికి తప్పకుండా పోవాలి. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మహానవమి దిబ్బ కూడా చూడాలి, రాయల కాలంలో దసరా జరిగింది అక్కడే. దాని గోడల మీద ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు వరసలు వరసలుగా చెక్కి ఉంటాయి. విఠ్ఠలాలయంలో రాతి రథం ముందు నిలబడి, నీలం రంగు యాభై రూపాయల నోటు వెనక్కి తిప్పి పట్టుకోండి. నోటు జేబులో పెట్టుకుని రావడం మరిచిపోవద్దు.

ఆదివారం లోపల చెయ్యాల్సినవి: స్టిక్కరు చదవడం, అట్టముక్క రాయడం, లీటర్ల లెక్క. చిన్ని అట్లాసులో పెన్నను పెన్సిలుతో గీసి, రోడ్డు దాన్ని ఎన్నిచోట్ల దాటుతుందో గుర్తులు పెట్టాలి. పోయేటప్పుడు సరిచూద్దాం, తప్పితే మళ్లీ లెక్కపెడదాం. మీరు ఆరింటికి నెల్లూరులో కదిలితే ఏడు దాటాక ఆత్మకూరు చేరతారు. నేనూ అవ్వా బస్టాండు దగ్గర నిలబడి ఉంటాం. ముందు సీటు కోసం ఇప్పట్నించే కొట్లాడుకోవద్దు. అది అవ్వది.

ఇట్లు
మీ తాతయ్య