ఒంగోలులో బడి మూతపడ్డ రోజు: వాక్యాన్ని దాచకుండా చెప్పడం అనే పాత తగువు

క్రైస్తవంలోకి మారి ఆ విశ్వాసాన్ని ఆచరిస్తున్నవాళ్ళు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి నలుగురు విశ్వాసులు కలిస్తే ఇదే చర్చ: క్రైస్తవంలో కులం లేదంటారు కదా, మరి మన సంఘాల్లో ఉన్నదేమిటి? చట్టం సంగతి లాయర్లకు వదిలేద్దాం. నన్ను పట్టుకున్న ప్రశ్న పల్పిట్‌కు, అంటే చర్చిలో ప్రసంగం చేసే చోటుకు సంబంధించింది. కులం మీద బైబిల్లో ఉన్నదంతా మన బోధకులు చెప్తున్నారా, లేక ఎవరికీ నొప్పి తగలని భాగాలతో సరిపెడుతున్నారా? మిలేతు అనే ఊళ్ళో ఎఫెసు సంఘం పెద్దలకు అపొస్తలుడు పౌలు చెప్పిన మాట, దేవుని సంకల్పమంతా దాచకుండా తెలియజేశానని, ప్రతి పాస్టరుకూ నోటికి వచ్చు. దానికి ముందు వాక్యంలోనే, అందుకే ఎవరి నాశనానికీ నేను బాధ్యుణ్ణి కానంటాడు. అంటే దాచిపెట్టినవాడికి బాధ్యత ఉన్నట్టే.

ఈ ప్రశ్న ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తొలి రోజుల్లోనే ఎదురైంది. ఆ మిషన్ గురించి అందరూ చెప్పుకునే కథల జోలికి పోను. అసలు మలుపు 1866-67లో ఉంది.

ఆ మిషన్ తరఫున పనిచేసిన జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చిన కొత్తలో బ్రాహ్మణులు, ఇతర పైకులాలవాళ్ళు ఆయన దగ్గరికి మర్యాదగా వచ్చేవారు, మా పిల్లలకు బడి పెట్టమని అడిగితే పెట్టాడు, బాగానే నడిచింది. ముందు పైకులాలవాళ్ళు వస్తే మిగతావాళ్ళు వాళ్ళ వెనకే వస్తారని ఆ రోజుల్లో చాలామంది మిషనరీల నమ్మకం. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి ఆ నమ్మకంతోనే నడిచింది, అంటరానివాళ్ళన్న పిల్లలకు అందులో చోటు లేదు. అక్కడి నుంచి కొందరు మంచి విశ్వాసులు వచ్చిన మాటా నిజమే.

ఒంగోలులో అలా సాగలేదు. తోళ్ళ వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద అప్పటికే నమ్ముకుని ఉన్నాడు, దేవుణ్ణి వెతుక్కుంటూ యోగ మార్గంలో చాలా దూరం నడిచిన మనిషి. ఆయన మాట మీద చుట్టుపక్కల పల్లెల నుంచి మాదిగలు బాప్తిస్మానికి సిద్ధమయ్యారు. పైకులాల పెద్దలు వచ్చి సూటిగా చెప్పారు: వాళ్ళను చేర్చుకుంటే మేం రాము. క్లౌ దొరకు ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. ఆయన తర్వాత చెప్పుకున్న దాని ప్రకారం, ఆయనా భార్యా విడివిడిగా బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకటే భాగం కనపడింది, మొదటి కొరింథీ మొదటి అధ్యాయం. గొప్ప వంశాలవాళ్ళు అనేకులు పిలవబడలేదని, లోకం నీచంగా చూసినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే చోటు. మాదిగలను చేర్చుకున్నారు. పైకులాల పిల్లలు బడి మానేశారు, బడి మూతపడింది.

నేను ముఖ్యమనుకునేది ఆ తర్వాత జరిగింది. చేర్చుకున్నాం కదా అని వాళ్ళకు తేలికైన సువార్త చెప్పలేదు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు అని మూడు నియమాలు పెట్టారు. చూడ్డానికి చిన్నవి, కానీ పల్లెలో మాదిగవాడి బతుకంతా కరణం, రెడ్డి చేతుల్లో ఉండే రోజుల్లో ఆదివారం వెట్టికి రానని, జాతరలో డప్పు కొట్టనని అనడమంటే ఊరికి ఎదురు తిరగడమే. కొన్నిచోట్ల బావులు మూసేశారు, దుకాణాల్లో సరుకులివ్వలేదు. అయినా నిలబడ్డారు.

కరువు రోజుల్లో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు గానీ, తిండి కోసం మారారన్న మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ తర్వాతే. కూడు కోసం మారారని ఇవాళ్టికీ అనేవాళ్ళు ఈ వరుస ఒకసారి చూడాలి.

ఆ పట్టు తర్వాత సడలింది. ఊళ్ళో మాలలకో చర్చి, మాదిగలకో చర్చి వచ్చాయి, పైకులాల క్రైస్తవుల పెళ్ళి ప్రకటనల్లో మతం పక్కన కులం పేరు చేరింది. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి ఆ స్థానానికి వెళ్ళిన మొదటివారు. అది నిజంగా సంతోషపడాల్సిన విషయం. కానీ కింద సంఘాల్లో ఆదివారం ప్రసంగాలు వింటే ఆశీర్వాదం, స్వస్థత, దశమభాగం (సంపాదనలో పదో వంతు కానుక), మళ్ళీ ఆశీర్వాదం.

మా సంఘంలో కొన్నేళ్ళ క్రితం ఒక మాల అబ్బాయికి, మాదిగ అమ్మాయికి పెళ్ళి మాటలు నడిచాయి. ఇద్దరూ సండే స్కూల్లో కలిసి పెరిగినవాళ్ళే. రెండు వైపులా పెద్దలు వద్దన్నారు, అమ్మాయి ఒక్కతే పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, దీని గురించి వాక్యం ఏమంటుందో ఆదివారం చెప్పండి అయ్యగారూ అని అడిగింది. క్రీస్తులో యూదుడని, గ్రీసు దేశస్థుడని తేడా లేదనే గలతీ పత్రిక ఆయనకు తెలియక కాదు. ఆ ఆదివారం ఆయన దశమభాగం మీద ప్రసంగం చేశారు. ఆ అమ్మాయి తర్వాత చర్చికి రాలేదు.