చెరిపేయగా మిగిలిన కుస్తీ

తిరుపతిలో పాత పెళ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే కొట్టుకు మొన్నొకాయన వీహెచ్‌ఎస్ క్యాసెట్ తెచ్చాడు. పైన పెన్నుతో 'డబ్ల్యూడబ్ల్యూఎఫ్, 1999' అని రాసుంది, అమెరికా కుస్తీ షో. కేబుల్లో వస్తుంటే రికార్డు చేసుకున్నాడట. టేపు అంచున తెల్లగా బూజు. "ఇదంతా నెట్‌లో ఉంటుంది కదన్నా, డబ్బులు దండగ" అన్నాడు కొట్టు కుర్రాడు. ఉంటుంది. అచ్చంగా ఇలాగే మాత్రం ఉండదు.

1948లో అమెరికాలో కుస్తీ ప్రమోటర్లు నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ పెట్టుకుని దేశాన్ని పంచుకున్నారు. ఒకరి ఇలాకాలోకి ఇంకొకరు రాకూడదు. మెంఫిస్‌లో శనివారం పొద్దున టీవీ స్టూడియో నుంచి లైవ్ షో వచ్చేది. జెర్రీ లాలర్ లాంటివాళ్లు మైకు పట్టుకుని ఎదుటివాణ్ని తిట్టేది సోమవారం రాత్రి కొలీజియం అనే పెద్ద హాల్లో జరిగే కుస్తీకి టికెట్లు తెగడానికే. అంటే వాళ్లకు టీవీ షో వాల్‌పోస్టరుతో సమానం. ఆట అయిపోయాక పోస్టరుతో ఎవరికి పని? రెండంగుళాల వీడియో టేపేమో ఖరీదు, దాని మీదే వచ్చే వారం షో ఎక్కించేవాళ్లు. అట్లా ఎన్నో చెరిగిపోయాయి. మిగిలినవాటిలో చాలావరకు ఇంట్లో వీసీఆర్‌తో రికార్డు చేసి, పోస్టులో ఒకరికొకరు పంపుకున్న అభిమానుల పుణ్యం.

1982లో తండ్రి కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ను కొన్న విన్స్ మెక్‌మాన్ ఆ హద్దులను లెక్కచేయలేదు. కేబుల్ తోడై దేశమంతా పాకాడు. ప్రాంతీయ కంపెనీలు వరసగా మూతపడ్డాయి. తర్వాత వాటి టేపులూ ఆయన కంపెనీకే చేరాయి: 2001లో పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూవి, 2003లో ఏడబ్ల్యూఏవి, 2006లో డల్లాస్ వాళ్లవి, 2012లో మిడ్‌-సౌత్‌వి. మింగినవాడే దాచిపెట్టాడు. కొనకపోయుంటే ఇంకెన్ని బూజుపట్టేవో కూడా చెప్పలేం.

తంటా అంతా చూపించే తీరులో ఉంది. డల్లాస్‌లో కుస్తీవాళ్లు రాక్ పాటలతో రింగులోకి వచ్చేవాళ్లు. 2014లో మెక్‌మాన్ కంపెనీ ఇంటర్నెట్‌లో మొదలుపెట్టిన సొంత నెట్‌వర్క్‌లో, హక్కులు లేనిచోట పాట తీసేసి వేరే మ్యూజిక్ అతికించారు. పాటతోపాటు జనం కేకలూ దెబ్బతింటాయి. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పొట్టిపేరే ఉన్న ప్రకృతి సంరక్షణ సంస్థతో కేసు ఓడి 2002లో పేరులో ఎఫ్ పోగొట్టుకున్నాక, తొంభైల చివర్నుంచి వాడిన గీతల లోగోను పాత వీడియోల్లో మసకచేశారు. 2012లో రాజీ కుదిరేదాకా అదే తీరు.

మన కొండ మీద తాళ్లపాక వారి రాగిరేకులు వందల ఏళ్లు అరలో ఉండి కూడా చదువుకోవడానికి మిగిలాయి. టేపుకు అంత ఓపిక లేదు. పూత ఊడుతుంది, తేమకు బూజు పడుతుంది. వీసీఆర్ల తయారీ కూడా 2016లో ఆగిపోయింది. ఈ కొట్టులో ఉన్నవి రెండు, ఒకటి స్పేర్ పార్టులకే.

బూజు తుడిచి నెమ్మదిగా తిప్పితే బొమ్మ వచ్చింది. మూలన లోగో స్పష్టంగానే ఉంది. కాసేపటికి సబ్బు ప్రకటన.

"యాడ్లు కట్ చేసేదా అన్నా?"

"వద్దబ్బా, అట్లే ఉండనీ."